బాణామతి పువ్వు

నీళ్ళలో నానిన బొగ్గుకు ఒక వాసన ఉంటుంది. ఎండు బొగ్గుకు వాసనే ఉండదు, మండే బొగ్గు వాసన అందరికీ తెలుసు, కానీ రాత్రంతా బకెట్లో నానబెట్టి పొద్దున్నే బయటికి తీసిన బొగ్గు ముక్కల వాసన వేరు; తడి బట్ట మీద ఇస్త్రీపెట్టె ఆనించినప్పటి వాసనకూ, తొలకరికి తడిసిన మట్టిగోడ వాసనకూ మధ్యలో ఎక్కడో ఉంటుంది. దానికి నానిన కొబ్బరి పీచు పులుపు కూడా తోడైతే ఇక నా కాళ్ళు నా మాట వినవు. ఉప్పల్‌లో మా మూడో అంతస్తు బాల్కనీలో నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే నాచారంలో ఆ వేపచెట్టు వాకిట్లోకి వెళ్ళి పడతాను. మొన్న పొద్దున అలా పడి, చిన్న చిన్న ఆర్కిడ్ మొక్కల వేర్లు కడుగుతూ కూర్చున్న అమ్మను చూస్తూ ఉండగా, చేతిలో ఫోన్ మోగి నన్ను మళ్ళీ ఉప్పల్‌కు లాక్కొచ్చింది.

మా అపార్ట్‌మెంట్ వాళ్ళ గ్రూపులో సందేశం. పెట్టినాయన మా కింది అంతస్తులోనే ఉంటాడు, సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం, లిఫ్టులో కనబడితే చిరునవ్వు కూడా ఇంగ్లీషులోనే నవ్వే మనిషి. మూడో అంతస్తు వాళ్ళు బాల్కనీకి నల్లదారాలతో బొగ్గులు, కొబ్బరి పీచు కట్టి వేలాడదీస్తున్నారట, దానివల్ల బిల్డింగులోకి నెగెటివ్ ఎనర్జీ వస్తుందట, అందరివీ పిల్లలున్న ఇళ్ళట, దయచేసి తీసేయాలట. చివర దండం పెట్టే చేతుల బొమ్మ. దాని కింద ఒకరి తర్వాత ఒకరు బొటనవేళ్ళు ఎత్తి పెట్టారు. అందులో డాక్టరు ఉన్నారు, సైన్సు చెప్పే లెక్చరర్ ఉన్నారు, మా అమ్మ చేసిన సర్వపిండి గిన్నె ఖాళీ చేసి ఇంకా వాపసు ఇవ్వని పక్కింటామె కూడా ఉంది.

నాకు ఒళ్ళు మండింది. ఇంకా మండించే సంగతి ఏమిటంటే, ఆ వేలాడేవాటిలో ఒకటి ఆయనదే. గృహప్రవేశానికి ఎవరో బహుమానంగా ఇచ్చిన ఆర్కిడ్‌ను ఆయన హాల్లో టీవీ పక్కన పెట్టుకున్నాడు, వచ్చిన వాళ్ళందరూ దానితో ఫోటోలు దిగారు, పూలు రాలగానే అది కుండీతో సహా లిఫ్టు పక్కన చెత్తడబ్బాలో తేలింది. చచ్చిన మొక్క కాదది, పూలు అయిపోయిన మొక్క, అంతే. దాన్ని పైకి తెచ్చి, కుళ్ళిన వేర్లు కోసి, కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్ది, కొబ్బరి పీచుకు ఆనించి నల్లదారంతో కట్టింది నేను. పువ్వు లేకపోయేసరికి తన మొక్కను తానే గుర్తుపట్టలేని మనిషి, అదే మొక్కను చూసి పిల్లలకు కీడని భయపడుతున్నాడు. ఈ భయం నాకు కొత్త కాదు. దీన్ని నేను లంగా జాకెట్టు వేసుకునే రోజుల నుంచీ ఎరుగుదును.

అప్పుడు మేం నాచారంలో సత్తెమ్మ అనే ఆవిడ ఇంట్లో అద్దెకు ఉండేవాళ్ళం. పొడుగాటి వాకిలి, వాకిలికి ఒక పక్కన వరసగా పోర్షన్లు, అందరికీ కలిపి ఒకటే నల్లా, వాకిలి చివర వేపచెట్టు, దాని కింద సత్తెమ్మ గారి బర్రె. పొద్దున్నే పడమటి గాలికి బిస్కట్ల ఫ్యాక్టరీ నుంచి తియ్యటి వాసన వచ్చి కడుపులో ఆకలి రేపేది, ఎండెక్కాక రంగుల కంపెనీల ఘాటు వాసన దాన్ని తరిమేసేది, సాయంత్రానికి ఆ రెండింటినీ పక్కకు నెట్టి పేడ వాసన, కుడితి వాసన రాజ్యమేలేవి. నాయిన రంగుల కంపెనీలోనే పనిచేసేవాడు, ఇంటికి రాగానే నల్లా దగ్గర కూర్చుని కిరసనాయిలు గుడ్డతో చేతులు రుద్దుకునేవాడు, ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో ఏదో ఒక రంగు మిగిలే ఉండేది, ఆ పూట కంపెనీలో ఏ రంగు కలిపారో ఆ గోళ్ళు చూసి చెప్పడం మా ఆట.

ఎండాకాలమంతా మా బతుకు కూలర్ చుట్టూ తిరిగేది. కిటికీ బయట ఇనుప స్టాండు మీద కూర్చుని అది పెట్టే గోలకు మాటలు వినబడేవి కావు, అయినా దాని తడి వట్టివేరు వాసన కోసం, ముఖాన కొట్టే ఆ చల్లటి తుంపర కోసం దాని ముందర చోటుకు రోజూ తగవే. మధ్యాహ్నాలు ఉప్పూ కారం అద్దిన మామిడి ముక్కలు, నేల మీద సుద్దతో గీసిన అష్టాచెమ్మ, ఎండ తగ్గాక వాకిట్లో తొక్కుడుబిళ్ళ. వానలు మొదలైతే మక్కకంకులు, బోనాల డప్పులు, గోడలకు పట్టిన పాకుడు. ఇక అన్నిటికంటే నాకు ఇష్టమైనది గురుగులాట. శివరాత్రికి కీసరగుట్ట జాతరకు వెళ్ళినప్పుడు అమ్మ మట్టి గురుగులు కొనిపెట్టేది, అరచేతిలో పట్టేంత చిన్న కుండలు, చిన్న మూకుళ్ళు. వాటిలో ఇసుక అన్నం, వేపాకు కూర వండి బర్రెకు కూడా విస్తరి వేసేదాన్ని.

సత్తెమ్మ గారు చెడ్డ మనిషి కాదు, ఆ సంగతి ముందే చెప్పాలి, చెప్పకపోతే నా కోపం మరీ సులువుగా తీరిపోతుంది. బర్రె ఈనితే అన్ని పోర్షన్లకూ జున్ను పంపేది, ఉగాదికి బచ్చాలు చేస్తే పిల్లలందరినీ కూర్చోబెట్టి తానే నెయ్యి పోసేది. బొడ్లో తాళాల గుత్తి, నోట్లో వక్కాకు, ఎవరింట్లో పసిబిడ్డ ఏడ్చినా తలుపు తోసుకుని వచ్చేసే చొరవ. మా పక్క పోర్షన్లో భీమవరం వైపు నుంచి వచ్చిన విశాలాక్షి టీచరు గారు ఉండేవారు. గంజి పెట్టిన చీరలు, పొద్దున్నే కాఫీ వాసన, మెష్ తలుపు వెనక పేపరు. ఆవిడ మాట మాకూ, మా మాట ఆవిడకూ వింతే, పక్కపక్క పోర్షన్లలో ఉంటూ ఒకరినొకరు ‘ఏంటన్నారు?’, ‘ఏందీ?’ అని అడుక్కోవడంతోనే సగం కబుర్లు అయిపోయేవి.

అమ్మ పేరు సుగుణ. ఇంటర్ చదివిన అమ్మకు నాచారం ఫ్యాక్టరీల మధ్య ఒక చిన్న ల్యాబులో పని దొరికింది. అరటి మొక్కలను గాజు సీసాల్లో పెంచే ల్యాబు అది. అద్దాల పెట్టె ముందు కూర్చుని, సన్నటి చిమటాతో మొలకలను ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి మార్చడం అమ్మ పని. సాయంత్రం ఇంటికి వస్తే అమ్మ చేతులు దవాఖానాలాగా స్పిరిట్ వాసన వేసేవి. ఒకసారి ఆ ల్యాబు వాళ్ళు ఆర్కిడ్లు కూడా పెంచి చూద్దామనుకున్నారు, కొన్నాళ్ళకు లాభం లేదని మానుకున్నారు, సీసాలు కడిగి ఖాళీ చేయమన్నారు. పచ్చగా కళ్ళు విప్పిన మొలకలను మోరీలో పోయడానికి అమ్మకు చేతులు రాక, అడిగి ఒక సీసా ఇంటికి తెచ్చుకుంది.

ఆ సీసా మా ఇంట్లో అడుగుపెట్టిన సాయంత్రం నాకు ఇంకా గుర్తే. గాజు లోపల సగ్గుబియ్యం జావలాంటి జిగురు, అందులో గుంపుగా, మెంతి మొలకలంతేసి మొక్కలు. ఇవి మన ఎండకు బతుకుతాయా అని నాయిన నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఊళ్ళో ఉన్నప్పుడు బతుకమ్మకు తంగేడు, గునుగు చెలక గట్ల మీంచి తానే కోసుకొచ్చేది. నాచారం వచ్చాక ప్రతి పువ్వూ ఉప్పల్ మార్కెట్‌లో కొనుక్కోవలసిందే. కొన్న పూలతో బతుకమ్మను పేర్చడం అమ్మకు ఎంత నామోషీగా ఉండేదో ఆ రోజే తెలిసింది నాకు. “మనకు సేను లేదు, సెలక లేదు. ఒక్క పువ్వన్న నా చేతిది ఉండాలె. వీటిల తొలి పువ్వు గౌరమ్మ పక్కన పెడత,” అంది. అంతకు మించి ఆ మొక్కల నుంచి అమ్మ ఏమీ కోరలేదు.

సీసాను పాత పేపర్లో చుట్టి రోకలితో మెల్లగా కొట్టింది. గోరువెచ్చని నీళ్ళు పోసిన ఇత్తడి తాంబాళంలో ఆ మొలకల గుంపును వదిలి, నా రంగుల పెట్టెలోని కుంచెతో ఒక్కొక్క వేరుకూ అంటిన జిగురు కడిగింది. జిగురు మిగిలితే బూజు పడుతుందట, వేరు విరిగితే మొక్క కుళ్ళుతుందట, అందుకని ఆ పని చేస్తున్నంతసేపూ దగ్గరగా ఊపిరి కూడా పీల్చనిచ్చేది కాదు. మట్టి వద్దు వాటికి. ఇస్త్రీ బండి దగ్గర అడిగి తెచ్చిన బొగ్గులు చిదిపి, దేవుడికి కొట్టిన కొబ్బరికాయల పీచు నానబెట్టి, రెండూ కలిపి వెడల్పాటి మూకుట్లో పరిచి, అన్నిటినీ ఒకేచోట నాటి, పైన ప్లాస్టిక్ కవరు కప్పింది. ఆ మూకుడును ఎక్కడ పెట్టిందనుకున్నారు? కూలర్ స్టాండు కింద, నీళ్ళు కారి ఎప్పుడూ చెమ్మగా ఉండే నీడలో. నాచారం మొత్తం నిప్పుల మీద పెనంలా కాలుతుంటే ఆ మూరెడు చోట మాత్రం కొండల మీది చల్లదనం ఉండేది.

కొన్ని చచ్చాయి. మిగిలినవి నిలబడ్డాయి. రోజూ కాసేపు కవరు తొలగించి, మళ్ళీ కప్పి, మర్నాడు ఇంకాస్త ఎక్కువసేపు తొలగించి, ఇలా వాటికి బయటి గాలి అలవాటు చేయడాన్ని ల్యాబులో ఏదో ఇంగ్లీషు మాట అనేవారట, అమ్మ దాన్ని ‘గట్టిపరుసుడు’ అనేది. మా తమ్ముణ్ణి బడికి అలవాటు చేసినట్టే ఉండేది ఆ వ్యవహారం. బూడిద రంగు వేర్ల కొసలు ఆకుపచ్చగా మెరిసిన రోజున అమ్మ ఇంటిల్లిపాదికీ పాయసం చేసింది. వాటిలో నీరసంగా ఉన్న ఒకదాన్ని మాత్రం, ఎలాగూ బతకదు, చెట్టు మీద దాని అదృష్టం చూద్దామని, స్టూలు వేసుకుని వేపచెట్టు కొమ్మకు పీచుతో ఆనించి కట్టింది. మిగతావి ఒకదాని వేర్లు ఇంకోదానికి చుట్టుకోవడం మొదలయ్యేసరికి ఇక వేటి కుండీ వాటికి కావాలంది. ఆ కుండీలు ఏవో కావు, నా గురుగులే. నేను ఏడ్చి గగ్గోలు పెట్టాను. “ఇన్నొద్దులు ఇసుకన్నం వండినవ్. ఇప్పుడు నీ గురుగులల్ల నిజంగనే పండుతది సూడు,” అని అమ్మ ఒక్కో గురుగు అడుగున తడి మేకుతో చిల్లు పెట్టింది.

అమ్మకు సెలవు ఆదివారమే. వానాకాలం ముసురు కాస్త తెరిపి ఇచ్చిన ఒక ఆదివారం పొద్దున వాకిట్లో వేపచెట్టు నీడన చాప పరిచి, అన్నీ ముందర పెట్టుకుని కూర్చుంది. క్యాలెండరు చూడలేదు. చూడాలని ల్యాబులో పనిచేసే మనిషికి తట్టలేదు. ఆ రోజు అమావాస్య. ఆదివారం నాటి అమావాస్య అంటే మా వాడలో ప్రయాణాలు మానుకునేవారు, పసిపిల్లలను బయటికి తేకుండా కూర్చునేవారు. అలాంటి రోజున మా అమ్మ నడి వాకిట్లో గురుగుల నిండా బొగ్గులు నింపి, కోసిన వేర్లకు పసుపూ దాల్చినచెక్క పొడీ అద్ది, చిటికెడు మందు వేయగానే ఎర్రగా మారిన నీళ్ళలో మొక్కలను ముంచి తీసి, నల్లదారంతో పీచుకు చుట్టి, వరసగా పేరుస్తోంది. ఇప్పుడు రాస్తుంటే నాకే తెలుస్తోంది అది చూసేవాళ్ళకు ఎలా కనిపించి ఉంటుందో. తెలిసినంత మాత్రాన క్షమించాలని లేదు కదా.

టీచరు గారు కాఫీ గ్లాసుతో బయటికి వచ్చి, ఇవేం మొక్కలమ్మా, మట్టి లేకుండా నాటుతున్నావని అడిగారు. అమ్మ సంబరంగా చెప్పింది, ఇవి చెట్ల మీద బతికే మొక్కలని, చెట్టును పీల్చవని, దాని మీద కూర్చుని గాలీ వానా తాగుతాయని. టీచరు గారికి వెంటనే వాళ్ళ ఊరు గుర్తొచ్చింది. “ఓహో, బదనికన్నమాట! మా తాతగారు కూడా బదనిక దింపించేవారండీ, కీళ్ళనొప్పుల నూనెకి. ఆదివారం అమావాస్య చూసి మరీ దింపేవారు,” అన్నారు ఆవిడ. అంతే అన్నారు, అని పేపరు చదువుకోవడానికి లోపలికి వెళ్ళిపోయారు.

బర్రెకు కుడితి తెస్తున్న సత్తెమ్మ గారి చేతిలో బకెట్టు అక్కడే ఆగింది. ఆవిడ ఎరిగిన బదనిక వేరు. మంత్రగాళ్ళు అమావాస్య నాడు చెట్టెక్కి తెచ్చి, ఎవరి గడపలో పాతాలో పాతే వస్తువు అది. కీళ్ళనొప్పుల నూనె మాట ఆవిడ చెవిని దాటిపోయింది, బదనిక, అమాస, ఈ రెండే లోపలికి వెళ్ళి కూర్చున్నాయి. మర్నాటి నుంచి మా గడప ముందు నుంచి నడవకుండా వాకిలి అవతలి అంచున చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత బర్రె పాలు తగ్గాయి. ఆ తర్వాత సత్తెమ్మ గారి చిన్నకొడుక్కి కామెర్లు వచ్చాయి. ఇక చెప్పేదేముంది. బర్రె చూలుతో ఉండి వట్టిపోయిందని బర్రెను చూసిన ఎవరికైనా తెలుస్తుంది, జీవితమంతా బర్రెలతో గడిపిన సత్తెమ్మ గారికి తెలియదా? కామెర్లు ఆ ఒక్క ఇంట్లోనే రాలేదు, వాడంతా పచ్చబడ్డ కళ్ళే, నల్లా నీళ్ళలో మోరీ నీళ్ళు కలిసి వాసన కొడుతున్నాయని అందరూ ముక్కులు మూసుకుని తాగుతూనే ఉన్నారు. ఆ పైపు ఎక్కడ పగిలిందో వెతికించమని అడగడానికి వాడలో ఒక్క మగాడు కదల్లేదు. మా అమ్మను అడగడానికి మాత్రం అందరికీ ధైర్యం వచ్చింది. ఎందుకంటే పైపు తిరిగి ఏమన్నా అంటుందేమో, సుగుణ ఏమంటుంది?

అమ్మ ల్యాబుకు, నాయిన కంపెనీకి వెళ్ళిన ఒక పగటి పూట అది జరిగింది. నేను బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో మనుషులు గుమిగూడి ఉన్నారు, ఎక్కడి నుంచో పిలిపించిన ఒక ముసలాయన నిమ్మకాయలు పట్టుకుని నిలబడ్డాడు. సత్తెమ్మ గారు చేత్తో ముట్టకుండా చీపురుతో నా గురుగులను చేటలోకి ఊడ్చి, ఒక్కొక్కటీ వాకిలి రాయి మీద పగలగొట్టించి, మొక్కలను మోరీలోకి నెట్టించింది. బొగ్గు ముక్కలు నల్లగా చెల్లాచెదురై ఉన్నాయి. ఆకుపచ్చటి వేరు కొసలు మోరీ నీళ్ళ మీద తేలిపోతున్నాయి. అప్పుడు విన్నాను ఆ మాట మొదటిసారి, ఎవరో ఆడమనిషి నన్ను చూసి తన పిల్లను వెనక్కి లాక్కుంటూ అంది, బాణామతి దాని బిడ్డ అని. టీచరు గారి మెష్ తలుపు వేసి ఉంది, తలుపు వెనక ఆవిడ చీర అంచు కనబడుతూనే ఉంది. బదనిక అంటే నూనెలో వేసే మందు అని ఆ తలుపు తెరిచి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. సత్తెమ్మ గారిది భయం, భయానికి ఏదో ఒక సాకు ఉంటుంది. టీచరు గారిది ఏమిటి? మనకెందుకండీ ఈ గొడవ అని తర్వాత ఎవరితోనో అన్నారట. ఇన్నేళ్ళయినా నాకు ఆ తలుపు మీదే ఎక్కువ కోపం.

సాయంత్రం అమ్మ వచ్చింది, రాయి దగ్గర నిలబడింది, మోరీ దాకా నడిచి వెళ్ళి వంగి చూసింది, వెనక్కి వచ్చి కాళ్ళు కడుక్కుని బియ్యం ఏరడానికి కూర్చుంది. నాయిన కొట్లాడతాడనుకున్నాను నేను. నాయిన కొట్లాడలేదు. రంగు చేతులు కడుక్కోకుండానే అమ్మ ముందర కూర్చున్నాడు. నాయినది మెదక్ దిక్కు పల్లె, ఆ పల్లెల్లో ఈ మాట పడ్డ ఆడవాళ్ళను ఏం చేసేవారో చిన్నప్పుడు కళ్ళారా చూసిన మనిషి. “మా ఊర్ల ఈ మాట పడ్డ మనిషి మల్ల నలుగురిల నిలవడంగ నేను సూడలే సుగుణా. మొక్కలు పోతే పోనీ. ఆ మాట నీ మీద పడొద్దు,” అన్నాడు. అమ్మ బియ్యంలోంచి తల ఎత్తింది. “పడ్డది గదా,” అంది.

ఆ వారంలోనే ఉప్పల్‌కు మారిపోయాం, బస్ డిపో వెనక సందులో ఇల్లు. సామాను ట్రాలీ ఎక్కుతుంటే వాడంతా గుమ్మాల్లో నిలబడి చూసింది, నోరు విప్పి పలకరించినవాళ్ళు లేరు. అమ్మ ట్రాలీ ఎక్కబోతూ ఒక్కసారి వేపచెట్టు వైపు చూసింది. ఆకుల మధ్య, ఎవరూ తలెత్తి చూడని కొమ్మ మీద, ఆ నీరసపు మొక్క ఉండనే ఉంది. నేను చెయ్యి ఎత్తి చూపించబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. మేం వెళ్ళాక బర్రె ఈనిందని, దూడ పుట్టిందని, అన్ని పోర్షన్లకూ జున్ను పంచారని ల్యాబులో ఒకామె చెప్పింది. బర్రె ఈనాక కూడా సత్తెమ్మ గారు వచ్చి ఒక మాట అనలేదు. మా జున్ను మాకు రాలేదు.

కొన్నేళ్ళు గడిచాయి. అమ్మ ఆ సందులోకి మళ్ళీ వెళ్ళలేదు, మొక్క ఊసు ఎత్తలేదు. నేను పావడా పైట వేసుకునే వయసుకు వచ్చిన ఏడు, సద్దుల బతుకమ్మ నాడు, ల్యాబు స్నేహితురాళ్ళందరూ కలుస్తున్నారని అమ్మ నాచారం చెరువుకే పోదామంది. పొద్దంతా ఇంట్లో పులిహోర పోపు, నువ్వుల సద్ది, బెల్లం దంచి చేసిన మలీద ముద్దల వాసన. సిబ్బిలో గుమ్మడాకులు పరిచి, కొన్న తంగేడు, కొన్న గునుగు, కొన్న బంతి వరసలు పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి అమ్మ నెత్తిన ఎత్తుకుంది. చెరువు కట్ట మీద అప్పటికే వలయాలు కట్టి ఆడవాళ్ళు చప్పట్లతో తిరుగుతున్నారు, పట్టుచీరలు, అగరుబత్తీల పొగ, తొక్కిన గడ్డి పచ్చి వాసన. మా బతుకమ్మను దించబోయిన అమ్మ సగంలో ఆగిపోయింది. మధ్యలో పెట్టిన బతుకమ్మల్లో అన్నిటికంటే ఎత్తైనది సత్తెమ్మ గారిది. దాని శిఖరాన, గౌరమ్మ పక్కన, తెల్లటి రేకులకు ఊదా అంచులున్న రెమ్మ ఒకటి, నిండుగా పూసి, నాచారంలో ఎవరి పెరట్లోనూ లేని పువ్వు.

అమ్మ ల్యాబులో ఆ రకం ఫోటో గోడకు ఉండేదట. చూడగానే పోల్చుకుంది. నీరసపు మొక్కను బతికించింది ఎవరో కాదు, ఆ బర్రే. దానికి బాణామతి పట్టిందన్నారే, దాన్ని రోజూ వేపచెట్టు కింద పైపుతో కడిగితే లేచే తుంపర, దాని పేడ నుంచి లేచే వెచ్చటి ఆవిరి, వేసవి వేసవికీ ఆ కొమ్మను కాపాడాయి. పూసినప్పుడు మాత్రం సత్తెమ్మ గారు తలెత్తి చూసింది. కోసింది. తన చెట్టుకు పూసింది గనక తనదే అనుకుంది. పువ్వుంటే దేవుడి నెత్తిన, పువ్వు లేకుంటే మోరీలో!

అమ్మ నేరుగా వలయంలోకి నడిచి సత్తెమ్మ గారి ముందు నిలబడింది. చుట్టూ చప్పట్లు ఆగాయి. అమ్మ గొంతు వణకలేదు. “సత్తెమ్మక్కా, నీ బతుకమ్మ మీదున్నది మా బదనిక పువ్వే. మీ యాపకొమ్మకు నేనే కట్టిన. తీసేస్తవా మరి?” అంది.

సత్తెమ్మ గారి చెయ్యి పైకి లేచింది. పువ్వు దాకా వెళ్ళింది, అక్కడ ఆగిపోయింది. గౌరమ్మ పక్కన పెట్టిన పువ్వును నీళ్ళలో కలిపేదాకా తీయకూడదు, ఆ కట్టుబాటు అక్కడున్న ప్రతి ఆడదానికీ తెలుసు. తీస్తే గౌరమ్మకు అపచారం, ఉంచితే తన ఇంటి బతుకమ్మ నెత్తిన తాను చీపురుతో ఊడ్చిన బాణామతి. ఆ చెయ్యి గాలిలోనే కాసేపు ఉండి, మెల్లగా దిగి, కొంగు సర్దుకుంది. క్షమించమని ఆవిడ అనలేదు, ఈ రోజు దాకా అనలేదు. అమ్మ మా బతుకమ్మను తెచ్చి సరిగ్గా దాని పక్కనే దించి, వలయంలో చోటు చేసుకుని చప్పట్లు అందుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. సత్తెమ్మ గారు కూడా తిరగక తప్పలేదు, తాను తరిమిన మొక్క పువ్వు చుట్టూ, తాను వెలేసిన మనిషి పక్కన, పాట ముగిసేదాకా తిరిగింది. నీళ్ళలో వదిలాక ఆ తెల్ల రెమ్మ కనుమరుగయ్యేదాకా అమ్మ గట్టున నిలబడి చూసింది.

ఇంటికొచ్చి మలీద తింటూ “పూసింది గద,” అంది, ఎవరితోనో కాదు, తనతోనే. నీకు కోపం రాలేదా అమ్మా అని అడిగాను. “కోపం లేదని ఎవరన్నరు?” అంది. ఆ తర్వాత మళ్ళీ సీసాలు తెచ్చుకుంది, మళ్ళీ బొగ్గులు నానబెట్టింది. ఒక్కటి మాత్రం మారింది. అప్పటి నుంచీ అమ్మ క్యాలెండరు చూడకుండా కుండీలు మార్చలేదు. అమావాస్య ఆదివారంతో కలిసి వచ్చేదాకా మొక్కలను ఆపి, ఆ రోజున, వీధిలోకి కనిపించే చోట, చాప పరుచుకుని కూర్చునేది. ఇన్నేళ్ళలో ఏ మొక్కా దానికి అభ్యంతరం చెప్పలేదు.

ఇప్పుడు నాచారంలో ఆ వాకిలి లేదు. వేపచెట్టు కొట్టేశారు, ఆ చోట అమ్మాయిల హాస్టల్ ఐదంతస్తులు లేచింది. బర్రెలు లేవు, జున్ను ప్యాకెట్లో పొడిగా దొరుకుతోంది. అమ్మ పనిచేసిన ల్యాబు ఎప్పుడో మూతపడింది. ఏసీలు వచ్చి కూలర్లు పోయాయి, వాటితో పాటు వట్టివేరు వాసన, స్టాండు కింద ఆ మూరెడు చెమ్మ నీడ పోయాయి. మొన్న కీసర జాతరలో మా పాపకు గురుగుల కోసం జాతరంతా తిరిగాను, ప్లాస్టిక్ గ్యాసు పొయ్యిలూ ప్లాస్టిక్ మిక్సీలే దొరికాయి. బాణామతి అనే మాట కూడా ఈ అపార్ట్‌మెంట్లలో ఎవరి నోటా వినబడదు, అడిగితే అదేదో పాతకాలపు పల్లెటూరి మూఢనమ్మకం అంటారు. అన్నీ పోయాయి, పోకూడనివన్నీ పోయాయి. పోవలసినది ఒక్కటి మాత్రం చదువుకుని, ఉద్యోగం సంపాదించుకుని, చక్కటి ఇంగ్లీషు పేరు పెట్టుకుని, దండం పెట్టే చేతుల బొమ్మతో మా ఫోన్లలోకి దిగింది.

నేను గ్రూపులో పెట్టడానికి ఘాటుగా ఒక జవాబు రాస్తూ ఉంటే, లోపల కూర్చుని కొబ్బరి పీచు విడదీస్తున్న అమ్మ ఏంది బిడ్డా అంత కోపం అని అడిగింది. ఫోన్ ఇచ్చాను. అద్దాలు సర్దుకుని, వేలు ఆనించి, కూడబలుక్కుంటూ సందేశం మొత్తం చదివింది. “నెగెటివ్ ఎనర్జీ అంటే ఏంది?” అంది.

“బాణామతి అమ్మా.”

అమ్మ ఫోన్ నా చేతికి తిరిగి ఇచ్చింది. ఒడిలో పడ్డ పీచు దులుపుకుని, బాల్కనీలో వేలాడుతున్న కింది అంతస్తు ఆయన మొక్క వైపు ఒకసారి చూసింది. “గట్లనా,” అంది. “అయితే ఆ జవాబు తర్వాత రాద్దువు గని. ముందు అండ్ల క్యాలెండర్ తీసి, ఆదివారం అమాస ఎప్పుడొస్తదో సూడు.”